మీదేవూరు?



మన దేశమున ఇద్దరు అపరిచితులు రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చుండి, సామానులు సర్దుకొని, కిటికీలోనుండి కొంతసేపు బయటికి చూచిన పిమ్మట, తమ నడుమ పేరుకొన్న మౌనమును ఇక భరింపలేక వారిలో ఎవరో ఒకరు పలుకు తొలి మాట ‘మీదేవూరు?’ అన్నదే. పేరడుగుట అటుతరువాతి సంగతి. కులమడుగుటకు కొంత చుట్టు తిరిగి రావలెను. జీతమెంతయని అడుగుటకు కాజీపేట దాటవలెను. ఊరు మాత్రము వెంటనే అడుగవచ్చును. అడిగినవానిని ఎవరును తప్పుపట్టరు.

నేను ముప్పదేండ్లకు పైగా బడిపిల్లలకు భూగోళము చెప్పినవాడను. నా బదిలీలన్నియు పాత వరంగల్లు జిల్లా ఎల్లలలోనే జరిగినవి. 2016 అక్టోబరులో ఆ జిల్లాను విభజించి, జనగామయనియు, మహబూబాబాదనియు, జయశంకర్ భూపాలపల్లియనియు కొత్త పేర్లు పెట్టినప్పుడు, నేను సుద్దముక్క పట్టిన ఊళ్లు ఈ మూడింటికిని పంచబడెను. గోదావరి గట్టున ఉన్న మహదేవపురము, కాళేశ్వరము కరీంనగరమునుండి వచ్చి భూపాలపల్లిలో చేరెను. బండిలోనో బస్సులోనో ఈ మూడు సీమల గుండా తిరుగుచు, తోడి ప్రయాణికులను ఆ పాత ప్రశ్ననే అడుగుచుండగా నాకొక వింత తోచెను: ప్రశ్న ఒక్కటియే అయినను, నేల మారిన కొలది జవాబు చెప్పు తీరే మారిపోవుచుండెను. మన దేశములోని జనవైవిధ్యమును, ప్రకృతివైవిధ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆకాశవాణివారు నన్ను కోరినప్పుడు, హిమవత్పర్వతము మొదలుకొని కన్యాకుమారి వరకు పేర్లు ఏకరువు పెట్టుట నాకు చేతకాక, నేను ఎరిగిన ఆ దారినే మీ ముందుంచుచున్నాను.

సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు బండి భువనగిరి, ఆలేరు దాటి జనగామను సమీపించుచుండగా కిటికీకి ఇరువైపుల కనబడునవి గుండ్లు. ఒకదానిమీద ఒకటి నిలిపినట్లు, నిలిపినవాడు చేయి తీసిన క్షణమే దొర్లిపడునేమో అన్నట్లు, కాని ఏ వానకును ఏ గాలికిని కదలక పడియుండు నల్లని గుండ్లు. భూగర్భశాస్త్రజ్ఞుల లెక్కలో ఇవి రమారమి రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటి శిలలు. ఆ రాయి యుగయుగములుగా ఎండకు పగిలి, వానకు అరిగి, ఎర్రని చెల్కనేల అయినది. చెల్క నీటిని పట్టి ఉంచదు. పడిన చినుకును పడినట్లే జారవిడుచును. జనగామకు చెప్పుకొనదగిన జీవనది లేదు. అందుచేత ఇచ్చటి పూర్వులు రెండు గుట్టల నడుమ కట్ట వేసి, తూము పెట్టి, మత్తడి కట్టి, వాననీటిని నిలుపుట నేర్చిరి. ఈ సీమవానిని మీదేవూరని అడిగినచో ఊరి పేరుతో ఊరకుండడు. ‘ఫలానా చెరువు కిందిది’ అనును. లేదా ‘ఈయేడు మా మత్తడి దుంకింది సారూ’ అని, అడుగకయే, తన ఊరి జాతకమంతయు ఆ ఒక్క మాటలో చెప్పివేయును. మత్తడి దుంకుట అనగా చెరువు నిండి అలుగుమీదుగా నీరు పారుట. ఆ మాట అనునప్పుడు వాని ముఖమున కనబడు వెలుగును నేను కొడుకు పెండ్లి చెప్పు తండ్రుల ముఖములందును చూడలేదు. నేడు గోదావరి నీటిని దేవాదుల ఎత్తిపోతల ద్వారా పైకెక్కించి, ధర్మసాగరము మీదుగా ఈ మెరక సీమకు తెచ్చుచున్నారు. అయినను జవాబు మారలేదు. నీరు ఎక్కడిదైనను చెరువు మాత్రము ఊరిదే.

ఈ రాతినేల మనుష్యులను మొండివారిగ చేయునని నా అభిప్రాయము. దీనికి శాస్త్రప్రమాణము చూపుమన్నచో చూపలేను గాని, పాలకుర్తి మండలమును చూపగలను. అచ్చట పుట్టిన పాల్కురికి సోమనాథుడు, సంస్కృతవృత్తములు పండితసభలను ఏలుచున్న కాలమున, పామరుల నోట ఆడు ద్విపదను చేపట్టి బసవపురాణమంతటి గ్రంథమును వ్రాసి, జాను తెనుగునకు గద్దె వేసెను. ఆ ప్రక్కనే బమ్మెర. భాగవతకర్త పోతన ఇచ్చటివాడేయని ఈ సీమవారును, ఒంటిమిట్టవాడని కడపవారును చిరకాలముగా వాదించుకొనుచున్నారు. ఆ వివాదములో నేను దిగను, దిగినవారు బయటికి వచ్చుట నేను చూడలేదు. కాని రాజునకు కృతినీయక హలము పట్టి బ్రతికెనను కథ ఈ చెల్కలలో చెప్పినంత సహజముగా మరొకచోట చెవికి సోకదు. అదే పాలకుర్తిలో, 1940ల దశాబ్దిలో, చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులకు విడువనని నిలిచెను. అచ్చటికి అంత దూరము కాని కడవెండిలో 1946 జూలై 4న ఆ దేశముఖు గడీ ముందర దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరిగెను. తెలంగాణ సాయుధపోరాటము ఆ నెత్తుటితో రాజుకొన్నదని చరిత్రకారులు వ్రాయుదురు. కవి తన ద్విపదను విడువకపోవుట, రైతు వడ్లు విడువకపోవుట ఒకే జాతి గుణములని నేను పిల్లలకు చెప్పుచుండెడివాడను. పరీక్షలలో ఇది వ్రాసినవారికి మార్కులు పడెడివి కావు.

జనగామకు కొలదిదూరములో హైదరాబాదు బాటమీదనే పెంబర్తి కలదు. అచ్చటి విశ్వకర్మల యిండ్లముందు నిలుచుండినచో సుత్తెదెబ్బల సన్నని లయ వినబడును. ఇత్తడి రేకును కాచి, లక్క పోసిన చెక్కపై పరచి, వెనుకనుండియు ముందునుండియు ఉలితో కొట్టి కొట్టి రూపము లేపుదురు. ధ్వజస్తంభములకు తొడుగులు, దేవతలకు వాహనములు, మకరతోరణములు, కలశములు ఆ చేతులలో పుట్టినవి. ఆ చేతులే నిజాముల యేలుబడిలో అత్తరుదానులను, పాన్‌దానులను చేసినవి. వైష్ణవాలయపు గరుత్మంతునిని, నవాబుగారి తమలపాకుల పెట్టెను ఒకే లక్కచెక్కపై కొట్టిన శిల్పికి మతసామరస్యమని ఎవరును బోధింపలేదు. రేకు, లక్క, ఉలి, పని ఇచ్చెడివాడు. వానికి తెలిసిన శాస్త్రమది.

నిన్నమొన్నటివరకు పాత వరంగల్లు జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేటలో చేరిన చేర్యాలలో నకాషీ చిత్రకారుల సంగతియు ఇట్టిదే. పద్మశాలీలకు మార్కండేయపురాణము, గౌడులకు గౌడపురాణము, ఇట్లు ఏ కులమువారి పుట్టుకకథ వారికి పొడుగాటి గుడ్డపై చిత్రించి ఇచ్చుచుండెడివారు. ఆ పటమును విప్పుకొనుచు కథ చెప్పువారు మరల వేరే కులమువారు. ఒకరి వంశచరిత్రను వేరొకరు గీయగా, మరియొకరు పాడగా, ఆ కులమువారు కూర్చుండి విని, తామెవ్వరో తెలిసికొనెడివారు. లింగాలఘనపురం మండలములోని మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య ఒగ్గును, అనగా శివుని ఢమరుకమును, చేతబట్టి మల్లన్న కథను పల్లెల పందిళ్లనుండి దేశపు పెద్దసభల వరకు మోసికొనిపోయి 2017లో కన్నుమూసెను. దేవరుప్పుల మండలపు చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించినది. చిందువారి యక్షగానమున రాత్రి కిరీటము పెట్టుకొని రాజైనవాడు తెల్లవారి ఊరి చివరి వాడకు తిరిగి నడిచిపోవుటను నేను బాల్యమునుండి చూచుచున్నాను. దానిని కూడ వైవిధ్యమని పిలిచి మురియుటకు నాకు నోరు రాదు.

కాజీపేటలో బండి దక్షిణముగా మలుపు తిరిగి, వరంగల్లు, నెక్కొండ, కేసముద్రము దాటునప్పటికి గుండ్లు పలుచబడి, మిరపచేలును మామిడితోటలును కనబడును. సర్కారు కాగితములలో మహబూబాబాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను పేరిట వచ్చినది. ప్రజల నోట నేటికిని మానుకోటయే. పూర్వము మ్రానులతో కట్టిన కోట ఉండెడిదనియు, అందుచేత ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. ఈ జిల్లా జనమున మూడవ వంతునకు మించి గిరిజనులు. వారిలో ఎక్కువమంది లంబాడీలు. దిగుచున్నవారిని ‘మీదేవూరు?’ అని అడుగుడు. వచ్చు జవాబు ఊరు కాదు, తండా. ఊరునకు వేయేండ్ల వయసుండవచ్చును. తండా అనునది మొదట విడిది. ఎడ్లమీద ధాన్యము, ఉప్పు ఎక్కించుకొని, మొగలు సేనల వెంటను నిజాము సేనల వెంటను దక్కనునకు వచ్చిన ఈ బంజారాలు, రైళ్లు పడి ఎద్దుబరువులకు గిరాకి పోయినపిమ్మట, నడచుచున్నవారు నడచుచున్నచోటనే ఆగిపోయిరి. అందుకే ఇద్దరు లంబాడీలు కలిసికొన్నప్పుడు తండా పేరు అడిగి తృప్తిపడరు, గోత్రము అడుగుదురు. భూక్యా, బానోతు, అజ్మీరా, ధరావతు, గుగులోతు అను ఈ పేర్లలో వారికి ఎవరు అన్నదమ్ములో, ఎవరితో వియ్యమందవచ్చునో తెలిసిపోవును. నేలను నమ్ముకొనలేక తరతరములు నడచిన జాతి తన చిరునామాను నెత్తుటిలో మోసికొని వచ్చెను. 2018 నాటి చట్టముతో అనేక తండాలు స్వంత గ్రామపంచాయతులైనవి, విడిది ఊరైనది.

ఇచ్చట నా తప్పొకటి చెప్పవలసియున్నది. ఈ జిల్లాలోని ఒక బడిలో పనిచేయునప్పుడు ఒక గణతంత్రదినోత్సవమున పిల్లలచేత దేశవైవిధ్యమును ప్రదర్శింపజేయు భారము నామీద పడెను. ఒకనికి తలపాగ చుట్టి పంజాబీని, ఒకతెకు ఎర్రంచు చీర కట్టి వంగనాడు ఆడపడుచును చేసితిని. నాలుగవ తరగతి చదువు ఒక తండా బాలికకు, పొడుగరియు చురుకైనదియునని, కాశ్మీరపు వేషము వేసితిని; ఎవరి యింటినుండియో తెచ్చిన దుప్పటిని శాలువగా కప్పి, చేతిలో కాగితపు కుంకుమపువ్వు పెట్టితిని. పిల్ల చెమటలు క్రమ్ముచు నిలుచుండెను. బడి గేటు వద్ద దాని తల్లి, మిరపచేను నుండి నేరుగా వచ్చినదేమో, అద్దాలు కుట్టిన కాంచళి, కుచ్చుల పేటియా, మోచేతుల వరకు తెల్లని గాజులు, ముంగురుల కిరువైపుల వెండి జుమికీలు ధరించి, కూతురిని గుర్తుపట్టలేక వరుసలో వెదకుచుండెను. మేమందరము చప్పట్లు కొట్టితిమి. ఆ తల్లి వైపు మాలో ఒక్కరును చూడలేదు. ఆమెను వేదికనెక్కింపవలసినదని నేననుట లేదు. ఆమె వేడుక వస్తువు కాదు. ఆ పిల్లకు కాశ్మీరము తెలియవలసినదే. కాని ఆ యేడు పాఠ్యపుస్తకమున లంబాడీలను గూర్చి ఒక్క వాక్యమున్నదా లేదా అని కూడ నేను వెదకలేదు. శ్రావణమున ఆ తండా కన్నెపిల్లలు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి తొమ్మిదిరోజులు నీళ్లుపోసి పెంచి, తీజు పాటలతో నిమజ్జనము చేయుదురని నేను తెలిసికొన్నది ఆ బడి విడిచిన తరువాతనే.

లంబాడీలు మొక్కుకొను క్షేత్రములలో కురవి వీరభద్రస్వామి ముఖ్యుడు. ఆయన కోరమీసముల స్వామి. భక్తులు మొక్కుగా వెండి మీసములు, చేతనైనవారు బంగారు మీసములు సమర్పింతురు. శివరాత్రి జాతరలో తెలుగు, లంబాడీల గోర్‌బోలి, కోయమాట కలగలిసి, ఏది ఎవరిదో తెలియకుండ పోవును. ఇది నేటి కలయిక కాదు. ముదిగొండ చాళుక్యుల నాడే కురవి రాజధాని. అచ్చట దొరకిన శాసనము తెలుగు గద్యమున చెక్కిన మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఒకటి. చిత్రమేమనగా, తెలుగు వచనము తొలి అడుగులు వేసిన ఆ ఊరి చుట్టుపట్లనే నేడు పెక్కు ఇండ్లలో తల్లిభాష తెలుగు కాదు. దీనికి చింతించువారు కలరు. నేను చింతింపను. రెండు భాషల పిల్లవానికి వ్యాకరణము చెప్పుట సులభమని నా అనుభవము. భాషకు నియమములుండునని వాడు ముందే కనిపెట్టి వచ్చియుండును.

మానుకోటకు తూర్పుగా బయ్యారము. ఇచ్చట శిల మారినది. వయసున జనగామ గుండ్లకంటె చిన్నవై, బొగ్గురాళ్లకంటె పెద్దవైన ఈ శిలలకు, సమీపమున ఉన్న కాకతీయుల చెరువు పేరిట, పాకాల శిలలని భూగర్భశాస్త్రము పేరు పెట్టినది. వీటిలో ఇనుపఖనిజము కలదు. దానిని గూర్చి ఎన్నికలనాడు వినని ఓటరు ఉండడు. అంతకంటె గొప్పది బయ్యారము చెరువు. గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ త్రవ్వించినది. ఆ కట్టమీది శాసనమున ఆమె తన పుట్టింటి వంశవృక్షమును చెక్కించెను. కాకతీయుల మూలపురుషుడు వెన్నడు అను సంగతి మనకు అందినది ఆ రాతివలననే. అత్తవారింట ఉన్న ఆడపడుచును ‘మీదేవూరు?’ అని ఎవరు అడిగిరో గాని, ఆమె చెరువు త్రవ్వించి మరీ జవాబు చెప్పెను.

డోర్నకల్లును నేను తొందరగా దాటలేను. 1871లో భూగర్భపరిశోధకుడు విలియం కింగు ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనగా, ఆ బొగ్గుకొరకు వేసిన ఇనుపబాట ఇచ్చట చీలి, అడవిలోని పల్లె జంక్షనైనది. ఆ జంక్షనునకు దక్షిణాదినుండి ఒక తమిళుడు వచ్చెను. వేదనాయగం శామ్యూలు అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున బిషపైన తొలి భారతీయుడు. దొరలు బిషపులుగా ఉన్న కాలమున తమిళదేశపువాడు తెలుగుగడ్డపై, నిజాము రాజ్యమున, మాల మాదిగ పల్లెల నడుమ కాపురముండి, తెలుగు నేర్చి, ఏండ్ల తరబడి ఒక దేవాలయమును కట్టించెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఆ ఎపిఫనీ కథీడ్రలును రైలు దిగి చూచినవానికి కొంతసేపు ఇది గుడియా, మసీదా, చర్చియా అని సంశయము కలుగును: స్తంభములు దక్షిణాది మండపములను, గుమ్మటములు దక్కను మసీదులను తలపించును, లోపల జరుగునది క్రైస్తవారాధన. అజరయ్య తానెవరో చాటుటకు ప్రసంగములు చేయక, మేస్త్రీలను పిలిపించెనని నాకు తోచును.

ఇదే జిల్లాలోని చిన్నగూడూరు దాశరథి కృష్ణమాచార్యులను 1925లోను, ఆయన తమ్ముడు రంగాచార్యులను 1928లోను కన్నది. తమ్ముడు తన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టుటకు కారణము తెలియవలెనన్నచో ఫాల్గుణమాసమున గూడూరు నుండి గంగారము వైపు బస్సెక్కవలెను. ఆకులన్నియు రాలిన కొమ్మలకు ఒక్కసారిగా నిప్పంటుకొన్నట్లుండును. అక్కడినుండి కోయలసీమ. భీమునిపాదము జలపాతము దాటి, అడవి చిక్కబడిన కొలది గూడెములు చిన్నవగును. కోయవానిని మీదేవూరని అడిగినచో గూడెము పేరు చెప్పును. కాని తనవారిలో తనను ఎరుకపరచుకొనునది గట్టు. మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు ఇట్లు ఏడవ గట్టు వరకు లెక్క. ఒకే గట్టువారు పరస్పరము పెండ్లియాడరు. ఒక్కొక్క గట్టునకు ఒక వేల్పు, ఆ వేల్పునకు ఒక కథ, ఆ కథను పటముపై చూపి పాడుటకు డోలీలు అను గాయకులు. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు. విత్తనము వేయుటకు ముందొక పండుగ, కొత్త తినుటకు ముందొక పండుగ. అడవిదున్న కొమ్ములు తలకు తగిలించుకొని డోలు కొట్టుచు ఆడు వారి ఆటను టెలివిజనులో అందరును చూచినవారే. టెలివిజనులో చూపనిది, 1976లో లంబాడీలను ఈ ప్రాంతమున షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చినప్పటినుండి కోయలకును వారికిని నడుమ భూమివిషయమునను, కొలువుల విషయమునను రగులుచున్న పోరు. ఇరువురి పిల్లలకును పాఠము చెప్పినవాడను గనుక ఎవరి పక్షమును వహింపలేను. కాని జాతులు పూలదండలోని పూవులవలె ప్రక్కప్రక్కన ఒదిగియుండునని చెప్పు వక్తలను ఒక్క దినము గూడూరు సంతకు తీసికొనిపోవలెనని నాకు చాల కోరిక. అచ్చట వారు పోట్లాడుకొందురు, ఒకే కల్లుమండువాలో కూర్చుందురు, మరల పోట్లాడుకొందురు.

ఇక భూపాలపల్లి. వరంగల్లు నుండి పరకాల మీదుగా పోవుచు, రేగొండ ప్రాంతమున పాండవులగుట్టలను చూడుడు. గుండ్రని నల్లరాయి పోయి, పొరలు పొరలుగా పేర్చినట్లున్న ఇసుకరాయి నిలువుగోడలై నిలుచును. ఆ గోడల నీడలలో ఆదిమమానవుడు ఎర్రరంగుతో దున్నలను, జింకలను గీసెను. వేల సంవత్సరముల తరువాత ఎవరో వచ్చి ఆ ప్రక్కనే పాండవులను గీసిరి. ముందున్న బొమ్మలను చెరిపి తమవి వేయవలెనని ఆ రెండవవారికి తోచలేదు. ఘనపురము కోటగుళ్ల కాకతీయశిల్పమును మాత్రము ఈ రేడియోలో వర్ణింపను, వెళ్లి చూడుడు.

భూపాలపల్లి నేల క్రింద బొగ్గు. సింగరేణి వచ్చి భూపాలపల్లిని పల్లెనుండి పట్టణముగ మార్చెను. చెల్పూరులో ఆ బొగ్గునే మండించి పదకొండు వందల మెగావాట్ల కరెంటు పుట్టింతురు. ఇచ్చట ‘మీదేవూరు?’ అని అడుగువాడు కొత్తవాడని వెంటనే తెలిసిపోవును. ఇచ్చటివారు అడుగునది ‘ఏ బాయి?’ అని. బాయి యనగా గని. తరువాతి ప్రశ్న ‘ఏ షిఫ్టు?’ మంచిర్యాలవాడు, కొత్తగూడెమువాడు, గోదావరిఖనివాడు, ఎన్నడో ఉత్తరాదినుండి వచ్చి స్థిరపడినవాని మనుమడు అందరును క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకొని కాపురముందురు. లాంపు నెత్తికి పెట్టుకొని లోపలికి దిగినపిమ్మట ఎవరి ముఖమైనను ఒకే రంగు. ఈ బొగ్గురాళ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, అనగా గోండుల అడవి. ఒకప్పుడు భారతము, ఆఫ్రికా మొదలైన దక్షిణభూములు కలిసి ఒకే మహాఖండముగ ఉండెడివని ఊహించి, ఎడ్వర్డు స్యూస్ అను ఆస్ట్రియా పండితుడు ఆ ఖండమునకు ఈ పేరునే పెట్టెను. కోయలు గోండులకు దాయాదులు. కోయభాష గోండీకి చెల్లెలు. ఈ సంగతి నేను తరగతిలో చెప్పిన దినమున వెనుక బల్లమీది కోయ కుర్రవాడొకడు, ‘అంత పెద్ద భూమికి మా పేరు పెట్టి, మాకు పోడు పట్టా ఎందుకియ్యరు సార్?’ అని అడిగెను. ప్రపంచపటమును చుట్టి మూల పెట్టి, ఆ పూటకు పాఠము ముగించితిని.

ఈ ప్రకృతి ఎల్లప్పుడు చిత్రపటములలోనివలె సౌమ్యముగా ఉండదు. 2023 జూలై కడపట మోరంచవాగు ఒక్క రాత్రిలో పొంగి మోరంచపల్లిని ముంచివేయగా జనులు ఇండ్లకప్పులమీదను, చెట్లమీదను నిలుచుండి తెల్లవార్చిరి. సైనిక హెలికాప్టర్లు రావలసివచ్చెను. మరుసటి యేడు సెప్టెంబరు 1న మానుకోటవైపు వానకు ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. వాగులకు పేర్లు పెట్టినది మనమే, దారి వేసికొన్నది అవి.

మహదేవపురము చేరువరకు దారి పొడుగునను టేకు, నల్లమద్ది. నల్లమద్ది ఆకు తిని దసలిపురుగు గూడు కట్టును. అడవిలోనివారు ఆ గూళ్లు ఏరి తేగా, మహదేవపురము నేతగాండ్రు తేనెరంగు పట్టు నేయుదురు. గూడు ఏరినవారి ఒంటిమీద ఆ చీరను నేనెన్నడును చూడలేదు. ఈ అడవులకు అప్పుడప్పుడు నదికి ఆవలినుండి పెద్దపులి వచ్చిపోవును. అది మాత్రము ఏ రాష్ట్రమును అడుగదు.

దారి కాళేశ్వరమున ఆగును. వార్ధాను, వైనగంగను కలుపుకొని వచ్చిన ప్రాణహిత ఇచ్చట గోదావరిలో కలియును. అంతర్వాహినిగా సరస్వతి మూడవదని నమ్మిక, 2025 మే నెలలో ఆ సరస్వతికే పుష్కరములు జరిగినవి. గుడిలో ఒకే పానవట్టముమీద రెండు లింగములు: కాలుడైన యముడు ఒకటి, ముక్తీశ్వరుడైన శివుడు ఒకటి. ముందు యమునికి మ్రొక్కి, తరువాత శివునికి మ్రొక్కవలెను. శ్రీశైలము, ద్రాక్షారామములతో కూడి తెలుగునాడునకు త్రిలింగమని పేరు తెచ్చినది ఈ క్షేత్రమేయని అందురు. అనగా ఇది తెలుగునేల అంచు. ఆవలి గట్టు మహారాష్ట్రము; సిరొంచ తాలూకా. ఆ ప్రాంతపు రాళ్లలోనే బారపాసారస్ అను రాక్షసబల్లి ఎముకలు దొరికినవి. 1961లో, రవీంద్రుని శతజయంతి సంవత్సరమున, త్రవ్వితీసినందున దానికి ఠాగూరు పేరును జతచేసిరి.

గోదావరిమీద వంతెన పడినది మొన్నమొన్ననే. అంతకుముందు పడవయే దిక్కు. క్రిందటి యేడు ఆ వంతెనమీదుగా పోవు బస్సులో నా ప్రక్కన ఒక ముసలమ్మ కూర్చుండెను. ఒడిలో గోనెసంచి, సంచిలో కాళేశ్వరములో కొన్న కుంకుమభరిణె, పసుపుకొమ్ములు, మనుమనికి ఒక బొంగరము. టిక్కెట్టు ఇచ్చువానితో మరాఠీలో పోట్లాడి చిల్లర రాబట్టుకొని, నా వైపు తిరిగి తెలుగులో ఆ చిల్లర లెక్కపెట్టెను. మనుమడు మరాఠీ బడిలో చదువుచున్నాడట. ఇంట తెలుగు, అడవిపనికి పోయినప్పుడు గోండి. నా అలవాటు నన్ను విడువలేదు.

‘అమ్మా, మీదేవూరు?’ అంటిని.

రాష్ట్రమును చెప్పునా, తాలూకా చెప్పునా అని నేను చూచుచుంటిని. ఆమె సంచి ముడి బిగించుచు,

‘ఏరవతల బిడ్డా’ అనెను. ‘మీది?’

నేను ముప్పదేండ్లు భూగోళము చెప్పినవాడను. నోటికి వచ్చిన జిల్లా పేరును మ్రింగివైచి,

‘ఏరివతల’ అంటిని.